దిగినవాళ్లు, పడినవాళ్లు

ఫోటో విషయంలో తెలుగులో మూడు క్రియలు వాడతాం. కెమెరా పట్టుకున్నవాడు తీస్తాడు. తల దువ్వుకుని, చొక్కా సర్దుకుని ఎదురుగా నిలబడ్డవాడు దిగుతాడు. మూడోవాడికి వీళ్లిద్దరి ఒప్పందంతో సంబంధం ఉండదు. ఆ పూట అక్కడ ఉన్న పాపానికి అందులో పడతాడు. ‘మీ అన్న పెళ్లి ఫోటోలో వంటాయన కూడా పడ్డాడే’ అంటాం, ఆయనకేదో ప్రమాదం జరిగినట్టు.

మనుషుల్ని, వాళ్ల బతుకు తీరుని బొమ్మల్లో పట్టుకోవాలని చూసే ప్రతివాడికీ ఈ మూడు క్రియల మధ్యే పేచీ. అదేమిటో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు, సికింద్రాబాద్ చాలు. ఈ ఊరితో ముడిపడ్డ ఇద్దరిని తీసుకుందాం. ఒకాయన స్టూడియో పెట్టిన ఫోటోగ్రాఫర్, రాజా దీన్ దయాళ్. ఇంకొకాయన ఇక్కడ పుట్టి పెరిగిన సినిమా దర్శకుడు, శ్యామ్ బెనెగల్. తమకు పేరు తెచ్చిన విద్యను ఇద్దరూ ఏ బడిలోనూ చదువుకోలేదు.

దీన్ దయాళ్ ఈ ప్రాంతంవాడు కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కట్టబోయే పనికి ఎంత రాయి, ఎంత సున్నం, ఎంత కూలి అని లెక్క కట్టి, నక్షా గీసి ఇచ్చే ఉద్యోగం. ముప్పయ్యేళ్ల వయసులో, 1874 ప్రాంతంలో, కెమెరా పట్టాడు.

అప్పటి ఫోటోగ్రఫీ ఎంత మొండి పనో తెలిస్తే తప్ప ‘సొంతంగా నేర్చుకున్నాడు’ అన్న మాటకు బరువు రాదు. ఫిల్ము లేదు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని ఒక్క చుక్క ఒలకకుండా, సమంగా పారించాలి. దాన్ని వెండి ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి, తడి తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, తడి ఆరేలోపే చీకటి గుడారంలోకి పరుగెత్తి కడగాలి. మొత్తం పది పదిహేను నిమిషాల వ్యవహారం. మన ఎండల్లో ఆ గడువు ఇంకా తగ్గిపోతుంది. బయట ఊళ్లకి వెళ్తే రసాయనాలు, గాజుపలకలు, గుడారం అన్నీ బండికెక్కించాలి. ఇంతా చేసి ప్రింటు వేసే కాగితానికి పూత దేనితో? కోడిగుడ్డు తెల్లసొనతో. పాత ఫోటోల్లో కనిపించే ఆ గోధుమరంగు నిగనిగ చాలావరకు గుడ్డు చలవే.

అంటే ఆనాటి ఫోటోగ్రాఫర్‌కి కొంత రసాయన శాస్త్రం, కొంత వడ్రంగం, కొంత వంటవాడి చేతి నేర్పు అన్నీ ఉండాలి. దీన్ దయాళ్‌కి అదనంగా డ్రాఫ్ట్స్‌మన్ కన్ను ఉంది. నిలువు గీత నిలువుగా ఉండాలి, దూరం పోయేకొద్దీ గీతలు ఎక్కడ కలుస్తాయో ముందే తెలియాలి. ఆయన తొలి రోజుల్లో పేరు తెచ్చుకున్నది కట్టడాల ఫోటోలతో కావడంలో వింతేమీ లేదు. మధ్య భారతంలో కోటలు, గుళ్లు తిరిగి తీసినవి 1886లో ఆల్బమ్‌గా వచ్చాయి. కట్టడం కదలదు, ముఖం మాడ్చుకోదు, ‘ఇంకోటి తీయి’ అనదు. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకంటే ఓపికైన గురువు దొరకడు.

అందుకే ‘స్వయంకృషి’ అన్న మాటని కొంచెం జాగ్రత్తగా వాడాలంటాను. ఏకలవ్యుడికి కనీసం ఒక మట్టిబొమ్మ ఉంది. దీన్ దయాళ్‌కి రూర్కీ చదువు, సర్కారు ఉద్యోగం ఉన్నాయి. ప్రోత్సహించడానికి ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్, సర్ హెన్రీ డేలీ వంటి ఇంగ్లీషు అధికారి ఉన్నారు. లేనిది ఫోటోగ్రఫీ పట్టా ఒక్కటే. ఆ కాలంలో అది మన దేశంలో దాదాపు ఎవరికీ లేదు.

1880ల మధ్యలో ఆయన సర్కారు నౌకరీ వదిలి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం ఉండేది హైదరాబాద్‌లో కదా, దుకాణం హుస్సేన్‌సాగర్ ఇవతల ఎందుకు?

సికింద్రాబాద్ పుట్టుకలోనే జవాబు ఉంది. 1798లో నిజాంకీ ఇంగ్లీషు కంపెనీకీ మధ్య సైన్య సహకార ఒప్పందం కుదిరాక, కంపెనీ పటాలాలు దిగిన చోటు ఇది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుంది. 1874లో రైలొచ్చింది. పటాలం అంటే ఇల్లు వదిలి వచ్చిన మగవాళ్లు. ఇంగ్లండులో ఉన్న తల్లికి, పెళ్లాడబోయే పిల్లకి పంపడానికి వాళ్లకి ఫోటో కావాలి. బదిలీ మీద పోతుంటే రెజిమెంటు మొత్తంతో ఒక గ్రూపు ఫోటో కావాలి. ఇటు కంటోన్మెంటు, అటు దర్బారు. రెండు రకాల గిరాకీ కలిసే చోట దుకాణం తెరిచాడు దీన్ దయాళ్. ఎస్టిమేటరుగా చేసిన వాడికి ఆ లెక్క తెలియకుండా ఉంటుందా!

ఆ స్టూడియోలో ఫోటో దిగడం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఎందుకంటే ప్రపంచమంతా స్టూడియోల పద్ధతి ఇంచుమించు ఒకటే. గదికి ఒక వైపు, వీలైతే ఉత్తరం వైపు, పెద్ద అద్దాల కిటికీ. ఉత్తరం నుంచి వచ్చే వెలుతురులో దాదాపు ఏడాదంతా నేరుగా ఎండ పడదు, నీడలు మెత్తగా ఉంటాయి. వెనక రంగులద్దిన పర్దా. దాని మీద మేడ మెట్లో, తోటో. పక్కన ఒక చెక్కిన కుర్చీ, చెయ్యి ఆన్చుకోవడానికి చిన్న బల్ల. మనిషి వెనక కనపడకుండా ఒక ఇనప కొయ్య. దానికున్న రెండు కొమ్ములు తలని వెనకనుంచి పట్టుకుంటాయి. కొన్ని క్షణాల పాటు కదలకుండా ఉండాలి మరి. తాతముత్తాతల ఫోటోల్లో నవ్వు కనపడకపోవడానికి కొంత కారణం ఇది. మిగతాది మర్యాద. పళ్లు బయటపెట్టి ఫోటో దిగడం అప్పట్లో పెద్దమనిషి తరహా కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ కాలపు గాజుపలకలు నీలం వెలుతురునే బాగా పట్టుకునేవి. ఎరుపు, పసుపు వాటికి దాదాపు చీకటే. కాబట్టి నీలాకాశం తెల్లగా వెలిసిపోయి, కుంకుమబొట్టు నల్లచుక్కై, పసుపు రాసుకున్న ముఖం ఒక వన్నె తక్కువగా పడేది. ఎర్ర పట్టుచీర నల్లచీర అయ్యేది. దాన్ని సరిదిద్దడానికి ఉండేవాడు టచప్ పనివాడు. నెగెటివ్‌లో నలుపు తెలుపు తారుమారు కదా. సన్నటి పెన్సిల్‌తో గాజు మీద కాస్త నలుపు పెడితే ప్రింటులో ముఖం తెల్లబడుతుంది. ముడతలు పోతాయి, బుగ్గలు నున్నగా వస్తాయి. ఇప్పుడు ఫోన్లో ఒక్క వేలితో చేసే పనే, అప్పుడు గంటలు కూర్చుని చేసేవారు. ఫోటో అబద్ధం చెప్పదనే నమ్మకం ఎప్పుడు పుట్టిందో గానీ, ఫోటో స్టూడియోలో మాత్రం పుట్టి ఉండదు.

1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు దీన్ దయాళ్. ఎత్తయిన గోడల మధ్య, ఒక ఇంగ్లీషు విలేకరి భార్య కెనీ లెవిక్ అజమాయిషీలో నడిచేది. పరాయి మగవాడి ఎదట పడని స్త్రీ ఫోటో దిగాలంటే తీసేవాళ్లు కూడా ఆడవాళ్లే కావాలి. ఎవరు తీస్తున్నారన్నదాన్ని బట్టి ఎవరు దిగగలరో తేలుతుందని ఆ మనిషికి అర్థమైంది. ఇది వ్యాపారపు తెలివే కావచ్చు. కానీ మనుషుల్ని ఫోటో తీయడంలో ఇంతకంటే మూలమైన పాఠం నాకు కనపడదు.

నిజాం ఆయనకి ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు, జంగ్ అంటే యుద్ధం. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో వెలిసింది. 1897లో విక్టోరియా రాణి తరఫున సన్నదు వచ్చింది.

ఇప్పుడు ఆయన తీసిన దర్బారు ఫోటోలో, వేట శిబిరం ఫోటోలో దొరికితే, నడుమ కూర్చున్నవాళ్లని కాసేపు వదిలేసి అంచుల్ని చూడండి. గుర్రం కళ్లెం పట్టుకున్నవాడు ఒకడుంటాడు. గుమ్మం పక్కన చేతులు కట్టుకున్నవాడుంటాడు. గుడారం తాడు దగ్గర, ఈ గొడవంతా ఎప్పుడు అవుతుందా అన్నట్టు చూసేవాడుంటాడు. నడుమ ఉన్న నవాబులవీ, దొరలవీ పేర్లు చాలాసార్లు కింద రాసి ఉంటాయి. వీళ్ల పేర్లుండవు. వీళ్లు దిగలేదు, పడ్డారు.

అదే చేత్తో దీన్ దయాళ్ స్టూడియో ఇంకో రకం బొమ్మలూ తీసింది. పందొమ్మిదో శతాబ్దం చివర దక్కన్‌ని కరువు పట్టినప్పుడు, ఔరంగాబాద్ ప్రాంతంలో నిజాం సర్కారు చేయించిన సహాయ పనుల ఫోటోలు. సర్కారు మంచితనానికి సాక్ష్యంగా తీసినవి. అందులోని జనం దిగినవాళ్లా, పడినవాళ్లా? రెండూ కారు. వరసగా నిలబెట్టిన మనుషులు. ఈ నిలబెట్టడం ఆయన కనిపెట్టిందేమీ కాదు. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషు ప్రభుత్వం మన దేశపు ప్రజల గురించి ఎనిమిది సంపుటాలు ఫోటోలతో అచ్చువేసింది. వాటిలో మనిషి పేరు కంటే ముందు కులం పేరు, తెగ పేరు, వాళ్ల నడతపై ఒక తీర్పు. ‘సంస్కృతిని ఫోటో తీయడం’ అనే మాట వినగానే నాకు లోపల కొంచెం గుబులు పుట్టేది అందుకే. ఆ మాట వెనక ఈ పుస్తకాల నీడ ఉంది. ఇవాళ కూడా బోనాలప్పుడు సికింద్రాబాద్ వీధుల్లో పోతరాజు ముఖానికి అడుగు దూరంలో లెన్సు పెట్టి, పేరు కూడా అడక్కుండా వెళ్లిపోయేవాళ్లని చూస్తూనే ఉన్నాం.

దీన్ దయాళ్ 1905లో పోయాడు. స్టూడియోని కొడుకు కొంతకాలం నడిపాడు. ఊళ్లో స్టూడియోలు పెరిగాయి, కెమెరాలు చిన్నవయ్యాయి, గాజు పోయి ఫిల్ము వచ్చింది.

కంటోన్మెంటులోనే, తిరుమలగిరిలో, కర్ణాటక నుంచి వచ్చి స్థిరపడ్డ శ్రీధర్ బెనెగల్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. ఇంట్లో కొంకణి మాట్లాడే కుటుంబం. 1934 డిసెంబరు 14న ఆయనకి శ్యామ్ పుట్టాడు. ఫోటోగ్రాఫర్ ఇంట్లో పిల్లలకి ఒక సౌకర్యం, ఒక శిక్ష ఉంటాయి. కెమెరా అందుబాటులో ఉండటం సౌకర్యం. ఎప్పుడు పడితే అప్పుడు దిగవలసి రావడం శిక్ష. శ్యామ్‌కి పన్నెండేళ్లప్పుడు తండ్రి ఇచ్చిన మూవీ కెమెరాతో తన మొదటి సినిమా తీశాడు. సినిమా దర్శకుడు గురుదత్ అతనికి వరసకి అన్న. తరువాత నిజాం కాలేజీ, ఉస్మానియాలో ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టడంలో ముందున్నాడు. సినిమా బడి లేని ఊళ్లో ఫిల్మ్ సొసైటీయే బడి. దేశదేశాల సినిమాలు తెప్పించుకుని చూడటం, చూశాక తగువులాడుకోవడం. అంతే సిలబస్.

1959లో బొంబాయి వెళ్లి ఒక యాడ్ ఏజెన్సీలో కాపీరైటరుగా చేరాడు. ఆ తరువాత ఆయన తీసిన యాడ్ ఫిల్ములు, చిన్న చిత్రాలు తొమ్మిది వందలకు పైమాటేనంటారు. మన సినిమా అభిమానులు ఈ సంగతిని సిగ్గుపడే గతంలా దాటేస్తారు గానీ, నా దృష్టిలో అసలు శిష్యరికం అక్కడే జరిగింది. ఒక నిమిషంలో ఒక మనిషిని పరిచయం చేసి, వాడెవడో, ఏ ఇంటివాడో, వాడికేం కావాలో చూసేవాళ్లకి తెలిసేలా చెయ్యాలి. తండ్రి స్టూడియో ఫోటోల్లో చేసిన పనినే కొడుకు కదిలే బొమ్మలో వందల సార్లు సాధన చేశాడు.

ఇక్కడ ఆగి, నిలిచిన బొమ్మకీ కదిలే బొమ్మకీ తేడా ఏమిటో చూద్దాం. సినిమా అంటే సెకనుకి ఇరవై నాలుగు ఫోటోలు. రెండు గంటల సినిమాలో లక్షా డెబ్బై వేల పైచిలుకు. ఫోటో దిగేవాడు ఒక్క క్షణం తన ముఖాన్ని అదుపులో పెట్టుకుంటే చాలు. రెండు గంటలు ఎవడూ పెట్టుకోలేడు. ఎక్కడో ఒకచోట జారుతుంది. స్టూడియో ఫోటోగ్రాఫర్ ఆ జారే క్షణాన్ని పక్కన పారేస్తాడు, మంచి దర్శకుడు దాని కోసమే కాచుకుని ఉంటాడు.

1974లో వచ్చిన ‘అంకుర్’ తెలంగాణ పల్లె కథ. కాలేజీ రోజుల్లోనే మనసులో పడ్డ కథని ఆయన ఏళ్ల తరబడి వెంటపెట్టుకు తిరిగాడు. చివరికి డబ్బు పెట్టింది థియేటర్లకి యాడ్ ఫిల్ములు సరఫరా చేసే బ్లేజ్ సంస్థ. పట్నం నుంచి పొలాలు చూసుకోవడానికి వచ్చిన యువ దొర సూర్య. అతనింట్లో పని చేసే లక్ష్మి. ఆమె మొగుడు కిష్టయ్య, కుండలు చేసేవాడు, చెవిటి, మూగ. గోవింద్ నిహలానీ కెమెరా, షబానా ఆజ్మీ మొదటి సినిమా. షబానాకీ, కిష్టయ్యగా చేసిన సాధు మెహర్‌కీ జాతీయ అవార్డులొచ్చాయి.

దీన్ దయాళ్ ఫోటో అంచున నిలబడ్డ ఆ పేరులేని మనిషి కిష్టయ్యేనని నాకనిపిస్తుంది. పేరొచ్చింది, పెళ్లామొచ్చింది, కల్లు దొంగతనం చేసి పట్టుబడ్డ అవమానం వచ్చింది. మాట మాత్రం రాలేదు. మాట లేకపోవడం వల్ల ముఖమే అతనికి భాష. సినిమా చివర కిష్టయ్య పని అడుగుదామని దొర దగ్గరికి వస్తుంటే, దొర అతని ముఖంలో పగ చూస్తాడు. అక్కడున్నది ఆశ. మనిషి ముఖాన్ని తప్పుగా చదివితే ఏమవుతుందో తరువాతి కొరడా దెబ్బలు చెబుతాయి. పోర్ట్రెయిట్ తీసే ఎవరికైనా ఆ ఒక్క సన్నివేశం చూపించాలి. అప్పుడు లక్ష్మి వచ్చి దొరని కడిగేస్తుంది. ఒక పిల్లవాడు దొర కిటికీ అద్దం మీద రాయి విసురుతాడు.

ఆ సినిమాలో పనివాళ్లు మాట్లాడేది బొంబాయి హిందీ కాదు, మన దక్కనీ. తెలంగాణ కథ తెలుగులో రాలేదని అప్పుడూ ఇప్పుడూ నొచ్చుకునేవాళ్లున్నారు. నాకూ ఆ వెలితి ఉంది. కానీ సికింద్రాబాద్ బజారులో సగం బేరాలు జరిగే భాష దక్కనీయే కదా. తరువాత 1978లో ఆయన ‘అనుగ్రహం’ తెలుగులో తీశాడు. వాణిశ్రీ, స్మితా పాటిల్, అనంత్ నాగ్ నటించారు. మనవాళ్లే పెద్దగా చూడలేదు.

1987 నాటి ‘సుస్మన్’లో పోచంపల్లి నేతగాళ్ల కథ చెప్పాడు. ఓం పురి మగ్గం మీద కూర్చుని నేయడం నేర్చుకుని నటించాడు. మగ్గం ముందు ఒక మనిషిని కూర్చోబెట్టి ఫోటో తీస్తే అతని చేతుల అందమే పడుతుంది. కానీ పోచంపల్లి ఇక్కత్ పనిలో అసలు నేర్పు నేతకంటే ముందే ఉంటుంది. నూలుని కట్టలుగా కట్టి, ఎక్కడ రంగెక్కకూడదో అక్కడ బిగించి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచాలి. చీర మీద వచ్చే పువ్వు నేయకముందే దారంలో ఉంటుంది. రోజుల తరబడి సాగే ఆ పనిని ఒక్క ఫోటోలో చెప్పడం కుదరదు. దాని వెనకున్న అప్పుల లెక్క చెప్పడం అసలే కుదరదు. దానికి సినిమా కావాలి.

నిలిచిన ఫోటో అక్కడితో ఓడిపోలేదు. వరంగల్‌లో పుట్టిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మలని, పాత ఇళ్ల తలుపుల్ని, గోడల్ని ఏళ్ల తరబడి తీస్తూ 2022లో పోయాడు. ఆ ఫోటోల్లో పల్లె మనిషి అంచున కాదు, నడిబొడ్డున ఉంటాడు. దొర ఎక్కడా కనపడడు.

బెనెగల్ 2024 డిసెంబరు 23న ముంబయిలో కన్నుమూశాడు, తొంభయ్యో పుట్టినరోజు అయిన తొమ్మిది రోజులకి. ఇక దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 1989లో వాళ్లు కొన్నారు. అవి కాక ఆల్బమ్‌లు ప్రపంచం నలుమూలలా మ్యూజియంలలో ఉన్నాయి.

ప్రింటుకీ నెగెటివ్‌కీ ఉన్న ఒక తేడా చెప్పి ముగిస్తాను. స్టూడియోవాడు ఖాతాదారుకి ఇచ్చే ప్రింటులో నాలుగు వైపులా కత్తిరించి, దిగినాయన మటుకే ఉండేలా చేసి, అట్టకి అంటించి ఇస్తాడు. గాజుని కత్తిరించడు. పాత స్టూడియోల నెగెటివ్‌లు వెలుతురుకి ఎత్తి చూస్తే, పర్దా ఎక్కడ అయిపోయి గోడ మొదలైందో కనిపిస్తుంది. పర్దా ముడత పడకుండా ఒక చెయ్యి దాన్ని పక్కనుంచి లాగి పట్టుకుని ఉంటుంది కొన్నిసార్లు. చెయ్యి, మోచేయి, ఒక్కోసారి సగం ముఖం. ఫోటో తీసేదాకా తనూ ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డాడు, పడ్డవాడు.